గొర్రెపిల్ల అయస్కాంతం

వారమంతా పక్క సీటు నాది.
వేల్స్ కొండల నడుమ డోల్గెథ్లై వీధుల్లో
గంటకి ఇరవై మైళ్ల చొప్పున
పదిహేడేళ్ల పిల్లల చేతుల్లో ప్రాణం పెట్టి
నా వైపున్న రెండో బ్రేకు మీద
పాదం ఆనించి కూర్చుంటాను.
"అద్దం చూడు. సిగ్నల్ వెయ్యి. ఇప్పుడు తిప్పు."
ఇరవై రెండేళ్లుగా ఇదే జపం.
శనివారం మాత్రం స్టీరింగ్ నాది.

మొన్నటిదాకా శనివారమంటే ఎర్ర మాజ్దా.
పద్నాలుగేళ్లు నడిపాను.
పైకప్పు కుట్లు ఊడి
వాన నా కుడి భుజం చిరునామా కనిపెట్టింది.
అమ్మేశాను, నా దగ్గరే నేర్చుకుని
మూడుసార్లు తప్పి నాలుగోసారి గట్టెక్కిన ఓయిన్‌కి.
డబ్బు లెక్కపెట్టి ఇచ్చి
అద్దం చూడకుండానే బయల్దేరాడు వెధవ.

తర్వాత ఐదు వారాలు.
లేని కారంత వేగంగా పోయే కారు లేదు.
రాత్రుళ్లు వంటింటి బల్ల దగ్గర
కాగితం మీద నిలువు గీతలు కొట్టి
గుర్రాల బలం, బీమా, బెల్టు మార్చిన తేదీ
కలిపేదాన్ని, కొట్టేసేదాన్ని.
"యాభై మూడేళ్లొచ్చాక ఎవరైనా
సామాను పట్టే కారు చూసుకుంటారు"
అంది అక్క కెరిడ్వెన్.
సామాను లేకపోవడమే కదా
నేను కొనుక్కుంటున్నది.

చూడ్డానికి బయల్దేరినప్పుడు
ఫ్రిజ్ మీది గొర్రెపిల్ల అయస్కాంతాన్ని
రుమాల్లో చుట్టి జేబులో వేసుకున్నాను.
ఇనుముంటే అతుక్కుంటుంది.
తుప్పు తిన్న బొక్కలో లప్పం కూరి
రంగు పూసిన చోట జారిపోతుంది.
"అమ్మేవాడి మాట తర్వాత, ముందు దీని మాట విను"
అన్నాడు టెగిడ్,
వెల్డింగ్ పొగకి గొంతు బొంగురుపోయినవాడు.

చెస్టర్‌లో వెండిరంగు పోర్షా.
ఆయన బూట్లూ కారూ
ఒకే పాలిష్‌తో మెరుస్తున్నాయి.
వెనక చక్రం పైన ఆనించానో లేదో
గొర్రెపిల్ల బురదలో పడింది.
పైన పటారం, లోన లొటారం.
"చిన్న గీత పడితే సర్దించానండీ" అన్నాడాయన
ఆకాశం వైపు చూస్తూ.

రెక్సమ్‌లో పచ్చ లోటస్.
దాని మీద గొర్రెపిల్ల ఎక్కడా నిలవలేదు.
ఒళ్లంతా ఫైబర్, ఎముకలు అల్యూమినియం,
తుప్పు గురించి అబద్ధమాడే అవకాశమే లేని కారు!
మనసు అక్కడే పారేసుకున్నాను.
లోపలికి జారడం హాయిగానే ఉంది.
పైకి రావడానికే,
టెగిడ్ చంకల కింద చేతులేసి
ఆవు కడుపులోంచి దూడని లాగినట్టు లాగాడు.
చంటిబిడ్డ నెత్తుకున్న ఆ ఇల్లాలు
మర్యాదగా పక్కకి తిరిగి నిలబడింది.
దారంతా నేను మాట్లాడలేదు.
టెగిడ్ రేడియో పెట్టలేదు.

బాలాలో, సరస్సు ఒడ్డున, నీలం హోండా.
బానెట్ మీంచి గొర్రెపిల్ల జారింది.
నా గుండె దానితోపాటే.
"అది అల్యూమినియమే, తల్లీ" అని నవ్వాడు టెగిడ్.
గుమ్మం కింద పెడితే
టక్కున పట్టుకుంది.

జున్ను ఫ్యాక్టరీలో రాత్రి డ్యూటీ గెతిన్‌ది.
కవలలు పుడుతున్నారట, అందుకే అమ్మకం.
నన్ను నడపమని తను పక్కన కూర్చున్నాడు.
ఆరు వేలు దాటాక ఇంజిన్
అప్పటిదాకా గొణుగుతున్నది
గొంతు విప్పింది.
కొండ మలుపులో గేరు దించుతూ
ఓరకంట చూశాను:
గెతిన్ కుడి పాదం
లేని బ్రేకుని
నేలబారుగా తొక్కుతోంది.

ఇరవై రెండేళ్లుగా
నేనెలా కూర్చుంటానో
అప్పుడు చూశాను.

నవ్వాగలేదు.
"ఏమైంది?" అన్నాడు, మొహం పాలిపోయి.
"ఏం లేదు. అద్దం చూస్తున్నాను."

ఐదు వందలు తగ్గించాడు.
తిన్నగా వస్తే పద్దెనిమిది మైళ్లు.
అరవై తిరిగి వచ్చాను, వానలో.
టెగిడ్ నాకంటే ముందే ఇంటికి చేరి
టీ తాగి వెళ్లిపోయాడు కూడా.

దిగి చూస్తే
రుమాలెక్కడో ఎగిరిపోయింది గానీ
గొర్రెపిల్ల గుమ్మం కిందే
బురద మొహంతో కరుచుకుని ఉంది.

లోపల, ఫ్రిజ్ ముందు నేల మీద,
కరెంటు బిల్లు.